పియానో ఎవరి చేతిలో ఉంది? అరేథా ఫ్రాంక్లిన్ 1967 ఆల్బమ్‌పై ఒక పరిశీలన

1967 జనవరి 24. అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊరు. అక్కడి ఫేమ్ స్టూడియోలో ఆ రోజు కీబోర్డు వాయించడానికి స్పూనర్ ఓల్డమ్ అనే కుర్రవాణ్ని పిలిపించారు. పాడే ఆమె మైకు ముందు నిలబడి పాడాలి, ఓల్డమ్ పియానో వాయించాలి. అనుకున్న పద్ధతి అది. ఇరవై నాలుగేళ్ల ఆ గాయని మాత్రం లోపలికి రాగానే పియానో దగ్గరికి వెళ్లి కూర్చుంది. రెండు చేతులూ మెట్ల మీద పెట్టి ఒక్కసారి మోగించింది. గదిలో మాటలు ఆగిపోయాయి. వాద్యకారులు ఎవరి వాద్యం దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. పియానో ఆమెనే వాయించనివ్వండి, నేను ఎలక్ట్రిక్ పియానో చూసుకుంటానని ఓల్డమ్ పక్కకు జరిగాడు.

ఆ గాయని అరేథా ఫ్రాంక్లిన్. ఆ రోజు మొదలైన ఆల్బమ్ ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ద వే ఐ లవ్ యూ’. చర్చి పాటల నుంచి పుట్టిన అమెరికా నల్లవాళ్ల సోల్ సంగీతం గురించి ఎవరు మాట్లాడినా ముందువరుసలో వచ్చే పేరు అది. దాని కథ చెప్పేటప్పుడు ఎక్కువమంది నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ప్రతిభతో మొదలుపెడతారు. దారి తప్పిన గాయనిని ఆయన మళ్లీ చర్చికి నడిపించాడన్నది ఆ కథ సారాంశం. ఆల్బమ్‌ను జాగ్రత్తగా వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. చర్చి ఆమె వేళ్లలోనే ఉంది, ఎవరూ ఎక్కడికీ నడిపించనక్కరలేదు. మారింది పని జరిగే వరస. అంతకు ముందు వాద్యబృందం ముందు, ఆమె వెనుక. ఇక్కడ ఆమె ముందు, మిగతావాళ్లు ఆమె వెనుక.

ఆ వేళ్లు ఎక్కడ తయారయ్యాయో చూడాలి. అరేథా 1942 మార్చి 25న మెంఫిస్‌లో పుట్టింది, పెరిగింది డెట్రాయిట్‌లో. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చికి పాస్టరు. ఆయన ప్రసంగాలు రికార్డులుగా అమ్ముడయ్యేవి. ప్రసంగం ముగింపుకొచ్చేసరికి మాట రాగంలోకి జారేది, సభ నుంచి జవాబు లేచేది, ఆ జవాబును అందుకుని ఆయన ఇంకో మెట్టు ఎక్కేవాడు. బుర్రకథ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కథకుడు విసిరిన మాటను వంతలు అందుకోవడం, ఆ ఊపులో కథ ముందుకు ఉరకడం, రెండు చోట్లా ఉన్నదే. ఫ్రాంక్లిన్ ఇంటికి క్లారా వార్డ్, మహాలియా జాక్సన్ లాంటి గాస్పెల్, అంటే చర్చి భక్తిపాటల, గాయనులు వచ్చిపోతుండేవారు. అరేథా పియానోను చెవితో విని నేర్చుకుంది. పద్నాలుగేళ్ల వయసులో చర్చిలో పాడిన భక్తిగీతాలే ఆమె మొదటి రికార్డు. ఆ పాటల్లో పియానో తోడు వాద్యం కాదు, రెండో గొంతు. పాట ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ ఆగాలో అదే నిర్ణయిస్తుంది.

1960లో కొలంబియా కంపెనీ ఆమెతో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ కంపెనీ నిర్మాత జాన్ హామండ్ లాంటి గొప్ప చెవి ఉన్న మనిషే ఆమెను తీసుకున్నాడు. ఆరేళ్లపాటు జాజ్, బ్రాడ్వే నాటకాల పాటలు, తీగవాద్యాలు దట్టంగా పేర్చిన ప్రేమగీతాలు పాడించారు. ఈ కాలాన్ని వృథా కింద కొట్టిపారేయడం అలవాటైపోయింది కానీ అది న్యాయం కాదు. గాయని డైనా వాషింగ్టన్‌కు నివాళిగా 1964లో చేసిన ఆల్బమ్ ఇవాళ విన్నా నిలబడుతుంది. కొన్ని రికార్డుల్లో పియానో కూడా ఆమెదే. ఇబ్బంది గొంతులో లేదు, పాటల్లోనూ అంతగా లేదు. చాలా పాటలకు వాద్యాల ఏర్పాటు ముందే కాగితం మీద రాసి ఉండేది. ఎక్కడ వయొలిన్లు లేవాలో, ఎక్కడ తగ్గాలో నిర్ణయమైపోయాక గాయని వచ్చి ఆ ఖాళీలో తన గొంతు అమర్చేది. సిద్ధంగా ఉన్న ట్రాక్ మీద పాడటమంటే ఏమిటో మన సినిమా గాయకులకు చెప్పనవసరం లేదు. దానికి గొప్ప నైపుణ్యం కావాలి. అయితే పాట నడకను మార్చే అధికారం అందులో ఉండదు. కొలంబియాలో ఆమె, జనాదరణను లెక్కగట్టే పాప్ పట్టికలో మొదటి 40 స్థానాల్లోకి వచ్చింది ఒక్కసారే, 1961లో, అదీ 37వ స్థానం.

1966 చివర ఆ ఒప్పందం ముగియగానే అట్లాంటిక్ కంపెనీ తరఫున వెక్స్‌లర్ ఆమెను తీసుకున్నాడు. బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రికలో పనిచేస్తున్న రోజుల్లో నల్లవాళ్ల జనరంజక సంగీతానికి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అనే పేరును వాడుకలోకి తెచ్చిన మనిషి ఆయన. గాయకుడు విల్సన్ పికెట్ పాటల కోసం అంతకు ముందు ఏడాదే మజిల్ షోల్స్‌లో పనిచేశాడు కాబట్టి అక్కడి పద్ధతి బాగా తెలుసు. అక్కడ నొటేషన్ కాగితాలు ఉండవు. పాట వినిపిస్తారు. గిటారు ఒకటి, బేస్ ఒకటి, డ్రమ్స్ ఒకటి, తలా ఒక ముక్క వెతుక్కుంటారు. కుదిరిందనిపించాక టేపు తిప్పుతారు. వెక్స్‌లర్ చేసిన అసలైన మంచి నిర్ణయం అదే, అలాంటి గదికి ఆమెను తీసుకెళ్లడం. ఆ గదిలో జరిగిందంతా ఆయన ఖాతాలో వేయడమే పొరపాటు.

మొదట ఎత్తుకున్నది ఆల్బమ్‌కు పేరు ఇచ్చిన పాట. రాసినవాడు రోనీ షానన్. తనను మోసగించే మగవాణ్ని వదల్లేకపోతున్న స్త్రీ మాటలు అవి. మూడు మూడుగా ఊగే నడక. సాధారణంగా నాలుగు దెబ్బల తాళంలో సాగే రిథమ్ అండ్ బ్లూస్ వాద్యకారులకు ఇది చేతికి చిక్కలేదు. చాలాసేపు ఎవరికీ దారి దొరకలేదు. అప్పుడు ఓల్డమ్ తన వూర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద, అడుగులో అడుగు వేసినట్టుండే ఒక చిన్న స్వరాల పలుకు పట్టుకున్నాడు. అది వినగానే మిగతావాళ్లు ఒక్కొక్కరే అందులోకి దిగారు. రోజర్ హాకిన్స్ డ్రమ్స్, టామీ కాగ్‌బిల్ బేస్, జిమ్మీ జాన్సన్, చిప్స్ మోమన్ గిటార్లు. ఆ తర్వాత పాట పూర్తికావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

రికార్డు పెట్టి విడివిడిగా వింటే ఆ గదిలో ఏం జరిగిందో తెలుస్తుంది. మొదటి చరణంలో ఓల్డమ్ పలుకు, గొంతు తప్ప దాదాపు ఏమీ లేదు. గొంతు తొందరపడదు, ఆరోపణను నెమ్మదిగా పేర్చుకుంటూ వస్తుంది. పాట లేచే చోట అరేథా పియానో కింది మెట్ల నుంచి బరువుగా వచ్చి పడుతుంది. అక్కడ డ్రమ్స్, శాక్సఫోన్లు కలుస్తాయి. ఆమె ఒక మాట సాగదీస్తే ఆ ఖాళీలో ఆమె కుడిచెయ్యే జవాబిస్తుంది. గొంతు అడగడం, పియానో బదులివ్వడం, రెండూ ఒకే మనిషి చేస్తున్న పని. దీన్ని ముందుగా కాగితం మీద రాయడం ఎవరి తరమూ కాదు. ఎందుకంటే గొంతు ఎంతసేపు ఆగుతుందో ఆమెకూ అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రానికి అంతా చెడింది. వాద్యకారులందరూ తెల్లవాళ్లు. పాడేది నల్లజాతి స్త్రీ, పక్కన మేనేజరు కూడా అయిన భర్త టెడ్ వైట్. నల్లజాతివాళ్లను చిన్నచూపు చూసే 1967 నాటి అలబామా. ట్రంపెట్ వాయించే అతనికీ టెడ్ వైట్‌కూ మధ్య తాగుడు, పరాచకాలు, మాటామాటా పెరగడం. రాత్రి స్టూడియో యజమాని రిక్ హాల్ సర్దిచెబుదామని హోటలుకు వెళ్తే అది చేయిచేసుకోవడం దాకా పోయింది. ఎవరిది తప్పన్న దగ్గర ఎవరి కథనం వారిదే. తెల్లవారేసరికి భార్యాభర్తలిద్దరూ ఊరు వదిలి వెళ్లిపోయారు. వారం రోజుల పని అనుకున్నది ఒక్క రోజుతో ఆగింది. చేతిలో మిగిలింది ఒక పూర్తి పాట, ఒక సగం పాట.

వెక్స్‌లర్ ఆ ఒక్క పాటనే నమూనా డిస్కులుగా కోయించి తనకు తెలిసిన రేడియో డీజేలకు పంపాడు. వాళ్లు వేశారు. ఫోన్లు మోగాయి, దుకాణాలు సరుకు అడిగాయి. కానీ సింగిల్, అంటే రెండు వైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు, విడుదల చేయాలంటే వెనక వైపుకు ఇంకో పాట కావాలి, ఆ పాట పాడాల్సిన మనిషి కొన్నాళ్లు ఎవరికీ దొరకలేదు. ఫిబ్రవరిలో ఆమె న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోకు వచ్చింది. అక్కడ జరిగింది ఈ ఆల్బమ్ మొత్తంలో అతి ఆసక్తికరమైన ఘట్టం. దానికి రావలసినంత పేరు రాలేదు కూడా.

సగం పాట ‘డూ రైట్ ఉమన్, డూ రైట్ మ్యాన్’. డాన్ పెన్, చిప్స్ మోమన్ రాసినది. మజిల్ షోల్స్‌లో వదిలేసిన టేపు మీద గిటారు, బేస్, డ్రమ్స్ ఉన్నాయి, దారి చూపడానికి పెన్ పాడిన గొంతు ఉంది, అంతే. విన్నవాళ్లకు అది నిలబడే పాటలా అనిపించలేదు. ఆ ఎముకల గూటి మీద అరేథా ముందు పియానో వాయించింది. తర్వాత ఆర్గన్ వాయించింది. ఆపైన పాడింది. చివర చెల్లెలు కరోలిన్, అక్క ఎర్మాతో కలిసి వంతపాట పెట్టింది. పియానో తాళాన్ని నిలబెడుతుంటే ఆర్గన్ కింద దుప్పటి పరిచినట్టు ఉంటుంది. చర్చిలో ఈ రెండు వాద్యాలు చేసే పని సరిగ్గా ఇదే. అక్కడ ఇద్దరు వాయిస్తారు, ఇక్కడ ఒక్కరే. చచ్చిపోయిందనుకున్న పాట ఎలా లేచి కూర్చుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదటి ముప్పై సెకన్లలో వాద్యాలు ఎంత తక్కువ ఉన్నాయో గమనించాలి. ఎంత వాయించాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కడ చేతులు ఎత్తేయాలో తెలిసినవాళ్లు తక్కువ.

మిగతా పాటలన్నీ న్యూయార్క్‌లోనే. అరేథా మళ్లీ మజిల్ షోల్స్ వెళ్లనంది కాబట్టి అక్కడి వాద్యకారులనే ఇక్కడికి రప్పించాలి. గొడవ తర్వాత రిక్ హాల్ పంపుతాడా? శాక్సఫోన్ కళాకారుడు కింగ్ కర్టిస్ ఆల్బమ్ కోసమని చెప్పి వెక్స్‌లర్ వాళ్లను పిలిపించాడు. ఆ ఆల్బమ్ నిజంగానే తయారైంది, దాంతోపాటు ఇదీ పూర్తయింది. రికార్డింగ్ ఇంజనీర్ టామ్ డౌడ్, ఏర్పాట్లలో సాయం ఆరిఫ్ మార్డిన్.

ఫిబ్రవరి 14న ‘రెస్పెక్ట్’ రికార్డయింది. రాసి 1965లో మొదట పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. అతని పాట కూడా బాగా ఆడినదే. అందులో కష్టపడి సంపాదించి ఇంటికొచ్చే మగవాడు గుమ్మంలో కాస్త మర్యాద అడుగుతాడు. ఉరుకులు పరుగుల మీద సాగే పాట. అరేథా దాని లెక్కే మార్చేసింది. ఆమె పాటలో డబ్బు ఆమెది, ఇస్తానంటున్నది ఆమె, బదులుగా అడుగుతున్నది తన గౌరవం. ఆ గౌరవానికి ఆమె వాడిన ఇంకో మాట ‘ప్రాపర్స్’. నాకు చెల్లాల్సినది నాకు చెల్లించు అనే అర్థంలో నల్లవాళ్ల వాడుకలో ఉన్న మాట.

ఇది కేవలం మగ మాటను ఆడ మాటగా మార్చడం కాదు. ఓటిస్ పాటలో లేని మూడు సంగతులు ఇందులో చేరాయి. ఒకటి, అక్షరాలు ఒక్కొక్కటే పలకడం. అక్కడ వాద్యాలు తెగి తెగి మోగుతాయి, ఆ సందుల్లో ఏడు అక్షరాలూ ఏడు మేకుల్లా దిగుతాయి. రెండు, అక్కాచెల్లెళ్ల వంతపాట. వాళ్లు తోడు పాడేవాళ్లలా ఉండరు, పంచాయితీలో ఆమె పక్షాన నిలబడ్డవాళ్లలా ఉంటారు. వాళ్లు గబగబా ‘రీ రీ రీ రీ’ అంటుంటారు. గౌరవమనే ఇంగ్లిష్ మాటకు తొలి శబ్దం అది, అరేథాకు ముద్దుపేరు కూడా అదే. మూడోది మధ్యలో కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వచ్చే ఘట్టం. పాట సి శ్రుతిలో నడుస్తూ ఉన్నట్టుండి ఎఫ్ షార్ప్ మైనర్‌లోకి దూకుతుంది. చాలా దూరపు గెంతు అది. ఓటిస్ పాటలో ఈ భాగమే లేదు. వెక్స్‌లర్ బృందం శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట పాడిన వేరే పాటలోని స్వరమేళాలను ఇక్కడికి తెచ్చుకుంది. వినేవాడికి ఇదేమీ తెలియనక్కరలేదు, గదిలో హఠాత్తుగా ఇంకో కిటికీ తెరిచినట్టు ఉంటుంది, అంతే. ఇదంతా రెండున్నర నిమిషాల లోపే.

ఆ సంవత్సరం జూన్‌లో మాంటెరే సంగీతోత్సవం వేదిక మీద ఓటిస్ ఆ పాట పాడే ముందు, ఒక అమ్మాయి దీన్ని తన దగ్గర్నుంచి లాగేసుకుందని అన్నాడు. డిసెంబరు 10న విమాన ప్రమాదంలో పోయాడు.

ఆల్బమ్‌లో ఉన్నవి 11 పాటలు, మొత్తం 33 నిమిషాలకు కాస్త అటూఇటూ. ‘సోల్ సెరినేడ్’, ‘గుడ్ టైమ్స్’ హాయిగా వెళ్లిపోతాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ దగ్గర మాత్రం ఆగాలి. అరేథా, టెడ్ వైట్ పేర్ల మీద ఉన్న నిదానమైన బ్లూస్ అది. మాటలు పడకగదివి, పియానో ఆదివారం ఉదయపు ప్రార్థనది. ఈ రెంటినీ కలపడం పాపమని నమ్మే పెద్దలు అప్పటి నల్లవాళ్ల చర్చిల్లో చాలామంది. రే చార్ల్స్ అప్పటికే ఆ గీత దాటి మాటపడ్డాడు. పాస్టరు కూతురు దాటడం వేరు. ఆమె సంజాయిషీ ఏమీ ఇచ్చుకోదు. రెండూ తనవే అన్నట్టు వాయిస్తుంది.

చివరి పాట ‘ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్’. రాసినవాడు శామ్ కుక్. గాస్పెల్ నుంచి పాప్‌లోకి వచ్చి, ఆ మార్పు ఎలా చేయాలో ఆమె తరానికి చూపించినవాడు, ఫ్రాంక్లిన్ కుటుంబానికి స్నేహితుడు. 1964 డిసెంబరులో తుపాకి కాల్పుల్లో చనిపోయాడు. అరేథా ఆ పాటను నేరుగా ఎత్తుకోదు. ఒక పాత స్నేహితుడు ఒకసారి అన్న మాట తన గుండెను తాకిందని ముందు తన మాటగా చెప్పి, అప్పుడు అతని పాటలోకి వెళ్తుంది. కుక్ రికార్డులో పెద్ద వాద్యబృందం ఉంటుంది, కొమ్మువాద్యాలు, తీగవాద్యాలు లేచి నిలబడతాయి. ఇక్కడ అవన్నీ తీసేసి పియానో, ఆర్గన్ మీద నడిపించింది. బహిరంగ సభలో పాడాల్సిన పాటను సంతాప సభలో పాడినట్టుంది.

ఆల్బమ్ 1967 మార్చి 10న విడుదలైంది. దాన్ని లోకం ఎలా అందుకుందన్నది చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇలాంటి రికార్డుల మీద లోతైన సమీక్షలు రాసే పత్రికలు అప్పటికి ఇంకా కళ్లు తెరుస్తున్నాయి. రోలింగ్ స్టోన్ మొదటి సంచిక వచ్చిందే ఆ ఏడాది నవంబరులో. కాబట్టి అసలు తీర్పు రేడియోలో, జ్యూక్‌బాక్సుల్లో, దుకాణాల్లో జరిగింది. పేరు పాట రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 7 వారాలు మొదటి స్థానంలో ఉంది, పాప్ పట్టికలో 9 దాకా వచ్చింది. ‘రెస్పెక్ట్’ జూన్ 3న పాప్‌లోనూ మొదటి స్థానానికి చేరి 2 వారాలు నిలిచింది. ఆల్బమ్ పాప్ పట్టికలో 2 దాకా వెళ్లింది. ఆరేళ్లలో అందని మెట్లన్నీ మూడు నెలల్లో.

జూలైలో డెట్రాయిట్ తగలబడింది. ఆమె సొంత ఊరు. పోలీసుల తీరు మీద నల్లవాళ్ల కోపం వీధిన పడిన ఆ వేసవంతా రేడియోల్లో మోగుతున్న మాట ‘రెస్పెక్ట్’. ఆ పాట రాజకీయ నినాదంగా పుట్టలేదు, ఇంటి గుమ్మం దగ్గర అడిగిన మర్యాద. విన్నవాళ్లు దాన్ని వీధిలోకి తీసుకెళ్లారు. ఆడవాళ్లు ఒక రకంగా, నల్లవాళ్లు ఒక రకంగా, రెండూ అయినవాళ్లు రెండు రకాలుగా సొంతం చేసుకున్నారు. 1968 ఫిబ్రవరి 16ను డెట్రాయిట్ నగరం అరేథా ఫ్రాంక్లిన్ రోజుగా ప్రకటించినప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా వచ్చి ఆమెకు పురస్కారం అందించాడు. అదే నెలలో రెండు గ్రామీలు. వాటిలో ఒకటి ఉత్తమ మహిళా రిథమ్ అండ్ బ్లూస్ గాయనికి ఇచ్చేది, అప్పుడే కొత్తగా పెట్టారు. మొదటి ఎనిమిదేళ్లూ వరసగా అది ఆమెకే వెళ్లింది.

విమర్శకుల అంచనా కాలంతోపాటు ఎలా కదిలిందో చూడటం కూడా ఉపయోగమే. రోలింగ్ స్టోన్ 2003లో వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో ఇది 83వది, 2020 జాబితాలో 13వది. రికార్డు మారలేదు. ఓట్లు వేసేవాళ్లు మారారు, ఏది గొప్ప అనే లెక్క మారింది. ఒకప్పుడు ఆల్బమ్ అంటే గిటారు బృందం తమ పాటలు తామే రాసుకుని చేసినదై ఉండాలన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఇతరుల పాటలు పాడే గాయని ఆ తూకంలో తేలిపోయేది. ఓటిస్ పాటకు ఆమె చేసిన పనిని చూస్తే, పాట రాయడానికీ పాడటానికీ మధ్య ఆ గీత ఎంత పలచనో తెలుస్తుంది.

ఆల్బమ్ అట్ట మీద నిర్మాతగా ఉన్నది వెక్స్‌లర్ పేరు ఒక్కటే. పియానో ఆమెది, వంతపాట కూర్చింది అక్కాచెల్లెళ్లు, పాటల రూపం చాలావరకు ఆమె ఇంట్లో తయారైంది. నిర్మాతల జాబితాలో ఆమె పేరు కూడా చేరిన ‘అమేజింగ్ గ్రేస్’ రావడానికి 1972 దాకా ఆగాల్సి వచ్చింది. అది చర్చిలో పాడిన గాస్పెల్ ఆల్బమ్.

డబ్బు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం రేడియోలో పాట వేస్తే రాసినవారికి, ప్రచురణ హక్కులున్నవారికి సొమ్ము వెళ్తుంది, పాడినవారికి వెళ్లదు. మన దేశంలో 2012 కాపీరైట్ చట్ట సవరణ గాయకులకు రాయల్టీ హక్కు ఇచ్చింది. అక్కడ రేడియో విషయంలో ఆ మాత్రం కూడా లేదు. ‘రెస్పెక్ట్’ యాభై ఏళ్లకు పైగా రేడియోల్లో మోగినప్పుడల్లా రచయితగా ఓటిస్ రెడ్డింగ్ వారసులకు వాటా చేరింది, అరేథాకు ఏమీ రాలేదు. గౌరవం చెల్లించమని అడిగే పాటకే ఇలా జరిగింది. 1972కు ముందటి రికార్డులకు కూడా డిజిటల్ రేడియో సంస్థలు గాయకుల వాటా చెల్లించాలన్న చట్టం మీద 2018 అక్టోబరు 11న సంతకం పడింది. ఆమె ఆగస్టు 16న చనిపోయింది, సరిగ్గా ఎనిమిది వారాల ముందు. మామూలు రేడియోకు ఆ చట్టం వర్తించదు.